బురద మలుపులో మామా కోడలూ

ఆ ఇంట్లో మామగారూ కోడలూ మాట్లాడుకోగా విన్నవాళ్ళు లేరు. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ ఉంటాడు. ఆవిడ గుమ్మంలోకొచ్చి "మావయ్యగారూ, అన్నం వడ్డించాను" అంటుంది. ఆయన "ఊ" అంటాడు. అక్కడితో ఆ పూటకి సరి. ఆస్తి తగాదాల్లో విడిపోయిన అన్నదమ్ములు కూడా అంతకంటే నాలుగు మాటలు ఎక్కువే అనుకుంటారు. పోనీ ఇద్దరికీ పడదా అంటే అదీ కాదు. ఆయనకి కోడలంటే ప్రాణం. ఆవిడకి ఆయనంటే గౌరవం, ఆ గౌరవం అడుగున కాస్త భయం. ఎదురుపడితే ఇద్దరికీ నోరు పెగలదు, ఏం చేస్తాం.

ఆయన బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఇంజన్ల జోలికి పోలేదు, బ్రేకుల జోలికి పోలేదు. బండి వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి ఇనప బుర్ర ఒకటుంటుంది చూడండి, దాన్ని హౌసింగంటారు. దాని కడుపులో ఉండే పళ్ళచక్రాలు సర్దడంతోనే ఆయన జీవితం గడిచిపోయింది. అందుకే ఊళ్ళో అందరికీ హౌసింగాయన. అసలు పేరేమిటని అడిగితే కట్టుకున్న భార్య కూడా కాసేపు ఆలోచించుకోవాలి. వెనక చక్రం ఒకటి జాకీ మీద పైకెత్తి, బండిని గేరులో పెట్టి తిప్పించి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన హౌసింగుకీ పిడి చెవికీ ఆనించి వినేవాడు. లోపల ఏ పన్ను దేనితో తగూ పడుతోందో ఇట్టే చెప్పేసేవాడు. ఆయన పరీక్షలన్నీ ఆ ఒక్క పద్ధతిలోనే జరిగేవి.

కోడలు నడిపేది పాల బండి, పాత పికప్పు. ఊరికి ఎగువన ఎత్తు మీద పశువుల పాకలున్నాయి. తెల్లవారగానే ఖాళీ క్యాన్లు వేసుకుని పైకెళ్తుంది, నిండు క్యాన్లతో దిగుతుంది, ఎండ ముదిరి పాలు విరిగిపోకముందే పాల కేంద్రంలో దింపేస్తుంది. ఆవిడ మొగుడు, అంటే హౌసింగాయన సుపుత్రుడు, బ్యాంకులో గుమాస్తా. బండికి నాలుగు చక్రాలుంటాయని అతగాడికి మొదట్నుంచీ తెలుసు, ఐదోదాన్ని స్టెప్నీ అంటారని మొన్నామధ్యనే తెలిసింది. కాబట్టి ఈ కథలో అతనితో మనకి పనిలేదు.

ఎత్తుకి వెళ్ళే దారి సగంలో ఒక మలుపుంది. కుడివైపు రాతినేల. ఎడమవైపు గట్టులోంచి ఊట కారి కారి ఏడాది పొడుగునా బంకమట్టి. ఖాళీ బండికి వెనక బరువుండదు కదా, ఎడమ చక్రం ఆ బురదలో పడిందంటే గిర్రున తిరగడమే తప్ప పట్టు దొరకదు. రాతి మీదున్న కుడి చక్రం మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. మామూలు హౌసింగు గుణమే అంత. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి కాబట్టి రెండింటినీ వాటి ఇష్టానికి వదిలేస్తుంది. రోడ్డు మీద అది మంచితనమే. బురదలో ఆ మంచితనమే కొంప ముంచుతుంది. ఏ చక్రం తేలిగ్గా తిరుగుతుంటే ఇంజను బలమంతా దానికే ధారపోస్తుంది, కష్టపడగలిగినదాన్ని ఖాళీగా కూర్చోబెడుతుంది.

బండి ఇరుక్కున్నప్పుడల్లా కోడలు ఫోను చేసేది. "మావయ్యగారూ, మలుపు" అనేది. అంతే. ఆయన మోపెడ్డుకి చెక్క పలకలూ పారా కట్టుకుని బయల్దేరేవాడు. ముఖం చిట్లించుకునే బయల్దేరేవాడు, ఎందుకంటే వరండాలో భార్య చూస్తుంటుంది. వీధి మలుపు తిరిగాక ఆ ముఖం ఎలా విచ్చుకునేదో చూసినవాళ్ళు చెబుతారు.

చిత్రమేమిటంటే, మోకాళ్ళ దాకా బురదలో దిగితే తప్ప వాళ్ళిద్దరికీ మాటలు రావు. చక్రం కింద మట్టి తవ్వుతూ ఆయన, పలక తోస్తూ ఆవిడ, ఇంట్లో నెలంతా దాచుకున్న మాటలన్నీ అక్కడ పోసేవాళ్ళు.

"మా డిపోలో ఒక సూపర్‌వైజరుండేవాడమ్మా" అనేవాడాయన. "నాకంతా తెలుసని, హౌసింగులో పెద్ద పళ్ళచక్రం ఉంటుందే, ఆ క్రౌను చక్రాన్ని అటుది ఇటు పెట్టి బిగించాడు. బస్సుకి ముందుకెళ్ళడానికి ఒకటే గేరు, వెనక్కెళ్ళడానికి నాలుగు."

"మరెవరు కనిపెట్టారు?"

"కనిపెట్టడమేంటమ్మా, డ్రైవరు టాపు గేరేసి నేరుగా క్యాంటీను గోడకి బస్సు వీపు ఆనించాడు."

ఆవిడ నవ్వు ఆపుకోలేక బండి రెక్క పట్టుకుని నిలబడేది. ఆ నవ్వు ఆయన ఇంట్లో ఎన్నడూ విన్నది కాదు.

ఒకసారి ఆవిడే అంది. "మావయ్యగారూ, నాకసలు పాల వాసనే పడదు. ఎవరితో అనకండి. పెళ్ళైన కొత్తలో మీరు దగ్గితే కూడా నన్నే విసుక్కున్నారనుకునేదాన్ని."

"నువ్వు గిన్నె కాస్త గట్టిగా పెడితే నామీదే కోపం అనుకునేవాణ్ణి నేను" అన్నాడాయన.

ఇద్దరూ బురద కొట్టుకుని ఇంటికొస్తే ఆయన భార్య గుమ్మంలోనే ఆపేది. "మామాకోడళ్ళు గేదెల్లాగా దొర్లొచ్చారు. ముందు ఆ కాళ్ళు కడుక్కుని ఏడవండి" అనేది. కాళ్ళు కడుక్కుంటే బురదతో పాటు మాటలూ పోయేవి. మళ్ళీ ఆయనకి పేపరు, ఆవిడకి గుమ్మం.

కిందటి వానల్లో ఒక పొద్దున బండి ఎప్పటికన్నా లోతుగా దిగబడింది. పలక వేసినా లేవలేదు. ఆయన వెనక భుజం ఆనించి తోశాడు. బండి కదిలింది గాని ఆయన నిలబడలేకపోయాడు. గట్టు మీద కూలబడి గుండె మీద చెయ్యేసుకున్నాడు. అంత చల్లటి వానలో ముఖమంతా చెమట.

"గ్యాసమ్మా" అన్నాడు, ఊపిరి అందాక. "పొద్దున తిన్నది పడలేదు."

ఆవిడ ఆయన పెదాల రంగు చూస్తూ నిలబడింది. ఆ రోజు ఇంకే మాటా సాగలేదు.

ఆ వానలు వెలిశాయో లేదో, ఆవిడ ఇంట్లో, గుమ్మంలో నిలబడి, ఎన్నడూ లేనిది అన్నం సంగతి కాక ఇంకో సంగతి ఎత్తింది. "మావయ్యగారూ, బండికి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేయిద్దాం. అదుంటే రెండు చక్రాలూ తోస్తాయట. ఇరుక్కోదట. పాత ఇనుము కొట్లో మన బండి మోడలుదే ఒకటుంది, మాట్లాడి పెట్టాను. మీరు బిగిస్తారా?"

ఆయన పేపరు దించలేదు. "ఊ" అన్నాడు.

ఆ "ఊ" అనడానికి ఆయన పడిన బాధ ఎవరికి తెలుసు. ముసలాడు పనికిరాడని కోడలు తేల్చేసుకుంది, ఇది ఆయనకి అర్థమైన సంగతి. బండి ఇరుక్కోకపోతే ఫోను మోగదు. ఫోను మోగకపోతే మలుపు లేదు, మలుపు లేకపోతే కోడలితో నాలుగు మాటలూ లేవు. మిగిలిన బతుకంతా "అన్నం వడ్డించాను", "ఊ". పైగా ఆ మాటల్ని పాతిపెట్టే గొయ్యి తన చేతులతోనే తవ్వమంటోంది.

పార్టు ఇంటికొచ్చింది. గోనెసంచిలో చుట్టి షెడ్డులో పెట్టారు. ఆయన మీనమేషాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. బేరింగులు మంచివి దొరకలేదన్నాడు. నూనె రావాలన్నాడు. ఎండ ఎక్కువగా ఉందన్నాడు, తరవాత మబ్బుగా ఉందన్నాడు. డిపోలో బస్సు హౌసింగుని పొద్దున విప్పి మధ్యాహ్నానికి రోడ్డెక్కించిన మనిషి ఒక్క పికప్పు చుట్టూ ఇన్ని రోజులు ప్రదక్షిణం చేస్తుంటే భార్యకి ఒళ్ళు మండింది.

"చేతగాకపోతే చేతగాదని చెప్పండి. ఇంకెవరి చేతనైనా వేయించుకుంటుంది" అంది.

ఆ మాట చురుక్కున తగిలింది. బాధ బాధే, హౌసింగు హౌసింగే. తన ఇంట్లో బండి విప్పడానికి ఇంకొకడు రావడమా? మర్నాడే కోడలు పాలు దింపి వచ్చాక బండిని షెడ్డులో పెట్టించి, వెనక భాగం రెండు స్టాండ్ల మీదికి ఎక్కించాడు.

చక్రాలు తీశాడు, బ్రేకు డ్రమ్ములు తీశాడు, నూనె దింపాడు, రెండు వైపులా యాక్సిళ్ళు బయటికి లాగాడు. హౌసింగు వెనక మూత తీసేసరికి లోపల పళ్ళచక్రాలు తళతళలాడుతూ కనిపించాయి. బేరింగుల మీది మూతలకి ఏది ఎడమో ఏది కుడో సుత్తితో గుర్తు కొట్టాకే విప్పాడు, అవి తారుమారైతే బేరింగు కొంప కూలుతుంది. లోపలి పాత డిఫరెన్షియల్‌ని బయటికి తీసి, దాని మీదున్న క్రౌను చక్రాన్ని విప్పి కొత్తదాని మీదికి ఎక్కించాడు. కొత్తదాని లోపల పలచటి రాపిడి బిళ్ళలు దొంతరగా ఉన్నాయి. ఒక చక్రం పరుగెత్తబోతే ఈ బిళ్ళలు ఒకదాన్నొకటి పట్టుకుని రెండోదాన్ని కూడా లాక్కెళ్తాయి. కిటుకంతా అదే. బోల్టుల్ని ఎదురెదురుగా బిగించుకుంటూ వచ్చాడు. రేకు బిళ్ళలు ఒకటి వేసి, ఒకటి తీసి, పన్నుకీ పన్నుకీ మధ్య వెంట్రుకంత సందు కుదిరేదాకా కూర్చున్నాడు. పళ్ళకి రంగు పూసి తిప్పి, మచ్చ సరిగ్గా పన్ను నడుమన పడిందని చూసుకున్నాడు. చేతులు పనిలో పడ్డాక మనసులోని గోల కాస్త సద్దుమణిగింది.

నూనె పొయ్యాల్సి వచ్చేసరికి మళ్ళీ మొదలైంది.

షెడ్డు అరమీద రెండు డబ్బాలున్నాయి. ఒకటి మామూలు గేరు నూనె. రెండోది ఈ బిళ్ళల కోసమే తెప్పించిన నూనె. మామూలుది పోస్తే బండి చెడిపోదు, ఇప్పటికిప్పుడు చెడిపోదు. మలుపు తిరిగినప్పుడల్లా గర్రుగర్రుమని వణుకుతుంది. ఎవరికైనా చిరాకేస్తుంది. నాలుగు రోజులు పోయాక కోడలే వచ్చి "ఇదేదో మన బండికి పడలేదు మావయ్యగారూ, పాతదే పెట్టేయండి" అంటుంది. ఎవరికీ తెలియదు, ఎవరూ అనరు. ఫోను మళ్ళీ మోగుతుంది.

ఆయన చెయ్యి మామూలు డబ్బా మీదికే వెళ్ళింది. మూత కూడా తిప్పాడు. ఆ డబ్బా పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. ఇన్నేళ్ళలో తెలిసి తెలిసి ఏ బండికీ చెయ్యని పని, తీరా కోడలి బండికే చెయ్యబోతున్నాడు. తనమీద తనకే అసహ్యం వేసింది. "సిగ్గులేదురా నీకు" అని పైకే అనుకున్నాడు. డబ్బా అరమీద పెట్టేసి, రెండోది తీసి, హౌసింగు నిండా పోశాడు. పోస్తుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. నూనె వాసనకే అని చెప్పుకున్నాడు.

మూత బిగించి, యాక్సిళ్ళు తోసి, చక్రాలు ఎక్కించి, బండిని నేలకి దించాడు. ఇక మిగిలింది వినడం. ఇక్కడే ఆయన తప్పు చేశాడు. కొత్తవాడైతే చెయ్యడు ఆ తప్పు. కొత్తవాడికి పాత అలవాట్లుండవు.

జాకీ తెచ్చి ఎడమ చక్రం ఒక్కటే పైకి లేపాడు. కుడి చక్రం నేలమీదే ఉంది, దాని ముందు సగం ఇటుక అడ్డం పెట్టాడు. స్క్రూడ్రైవరు తీసుకుని ఎడమ చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, ఒకసారి బండెక్కు. ఫస్టు గేరేసి క్లచ్చి మెల్లగా వదులు. వింటాను" అన్నాడు.

మామూలు హౌసింగైతే గాల్లో ఉన్న చక్రం తిరుగుతుంది, నేలమీది చక్రం కదలదు, బండి ఉన్నచోటే ఉంటుంది. ఒక్క చక్రం తిరిగి రెండోది ఊరుకోకూడదనే కదా ఇంత పని చేసింది. ఆ సంగతి తన చేతులతో బిగించిన మనిషికి, ఆ క్షణంలో, తన పనే గుర్తులేకపోయింది.

ఆవిడ క్లచ్చి వదిలింది. కుడి చక్రం ఇటుకనెక్కి తోసింది. బండి జాకీ మీదనుంచి ఒక్క దూకు దూకింది. జాకీ ఎగిరి ఆయన మోకాలి పక్కనుంచి పోయి షెడ్డు రేకుకి తగిలింది. ఎడమ చక్రం ఆయన కూర్చున్న చోటికి జానెడు దూరంలో నేలకి కొట్టుకుంది. బండి వెళ్ళి బట్టలుతికే రాయికి గుద్దుకుని ఆగిపోయింది. ఆయన దుమ్ములో వెల్లకిలా పడ్డాడు, చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది.

కోడలు బండి దిగి వచ్చింది. ఆయన్ని పైనుంచి కింద దాకా తడిమి చూసింది, ఎక్కడా దెబ్బ లేదని తేలింది. తేలాక మొదలుపెట్టింది.

"బుద్ధుందా అసలు మీకు? రెండు చక్రాలూ లేపాలని నాకే తెలుసు, ఆ కొట్టువాడు పదిసార్లు చెప్పాడు. మీరు రెండూ లేపే ఉంటారనుకుని క్లచ్చి వదిలాను. మీకు తెలీదా? ఇంతకాలం ఈ ఇనుముతోనే బతికారు కదా. ఏమన్నా అయితే మేమేం కావాలి?"

వరండాలో అత్తగారు చేట పట్టుకుని నిలబడిపోయింది. ఆ ఇంట్లో తను తప్ప ఆయనతో ఆ గొంతుతో మాట్లాడిన మనిషి ఇంతవరకూ లేడు. కొడుకు కూడా కాదు.

"ఆ రోజు మీరు గట్టు మీద కూలబడ్డప్పటినుంచీ నాకు కంటిమీద కునుకు లేదు" అంది కోడలు. ఏడుస్తూనే అంది, తుడుచుకోలేదు. "మిమ్మల్ని ఆ బురదలో ఇంకోసారి దింపకూడదనే ఈ ఇనుపముక్క కోసం కొట్లన్నీ తిరిగాను. మీరేమో దాని కిందే పడి పోదామనుకున్నారు."

ఆయన లేచి కూర్చున్నాడు. దుమ్ము దులుపుకోవాలని కూడా తోచలేదు. ఇన్నాళ్ళూ దాచుకున్న మాట బయటికి వచ్చేసింది.

"నేనింక పనికిరానని, నన్నింక పిలవవని అనుకున్నానమ్మా."

"పిలవను" అంది ఆవిడ. "ఆ బురదలోకి మాత్రం చచ్చినా పిలవను."

అని చరచరా లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నం అత్తగారే వడ్డించింది. ఆయన ముద్ద కలుపుతూ కూర్చున్నాడు. కోడలు మంచి మాటే అంది, తన మేలు కోరే అంది, అదీ తెలుసు. తెలిసినంత మాత్రాన పోయినది తిరిగొస్తుందా? బురదలోకి పిలవనంది, మరి బురద తప్ప వాళ్ళకి ఇంకో చోటెక్కడుంది? అదే తిప్పి తిప్పి అనుకుంటూ పడుకున్నాడు.

పొద్దున్నే గేటు దగ్గర హారను మోగింది. బయటికొచ్చి చూస్తే కోడలు పికప్పులో కూర్చుని ఇటువైపు తలుపు తెరిచి పట్టుకుంది.

"నేనెందుకమ్మా?"

"బిగించినవాళ్ళు చూసుకోవద్దా ఎలా నడుస్తోందో? ఎక్కండి."

ఆయన ఎక్కాడు. ఆ బండిలో కూర్చోవడం ఆయనకి అదే మొదలు. ఎప్పుడూ మోపెడ్డు మీద వెనకాల వెళ్ళినవాడే. ఖాళీ క్యాన్లు వెనక గలగలమంటున్నాయి. ఊరు దాటేదాకా ఆయన చెవులు వెనక ఇరుసు మీదే ఉన్నాయి. రోద లేదు, గర్రు లేదు. పని బాగా కుదిరింది. కుదిరినందుకు సంతోషమూ వేసింది, దిగులూ వేసింది.

దారి ఎత్తుకి తిరిగింది. మలుపొచ్చింది. రాత్రి చినుకులకి బురద పలచగా మెరుస్తోంది. ఎడమ చక్రం అందులో దిగింది, ఒక్కసారి జారింది. వెంటనే కుడి చక్రం రాతిని పట్టుకుంది. బండి తల ఊపినట్టు ఊగి పైకి సాగింది. అంతే. పలకల్లేవు, పార లేదు, దిగడం లేదు. ఎంతసేపూ పట్టలేదు. ఇంతే కదా ఇక, అనుకున్నాడాయన. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

మలుపు ఇంకా పూర్తిగా దాటలేదు. కోడలు బ్రేకు నొక్కింది. నట్టనడి బురదలో బండి ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను కట్టేసింది.

"ఇక్కడ ఆపకూడదమ్మా. ఇక్కడ ఆపితే ఇంకేమన్నా ఉందా?"

"ఏం? మళ్ళీ కదలదా?"

ఆయన ఆలోచించాడు. ఎడమ చక్రం బురదలో, కుడి చక్రం రాతి మీద. లోపల బిళ్ళలు, వాటికి సరైన నూనె.

"కదులుతుంది" అన్నాడు.

"ఎప్పుడు కావాలంటే అప్పుడు?"

"ఎప్పుడు కావాలంటే అప్పుడు."

"అయితే ఇక తొందరేముంది" అంది. సీట్లో ఆయనవైపు తిరిగి కూర్చుంది. "చెప్పండి. ఆ రోజు ఏమైంది మీకు?"

"చెప్పాను కదమ్మా, గ్యాసని."

ఆవిడ తాళంచెవి ముట్టుకోలేదు. ఆయన అద్దంలోంచి పైకి చూశాడు. ఎగువన పాకల్లోంచి పొగ లేస్తోంది, పాలు పితికేసి ఉంటారు, క్యాన్ల కోసం చూస్తుంటారు.

"ఎండెక్కుతోందమ్మా" అన్నాడు. "పాలు విరిగిపోతాయి."

"విరిగితే విరగనీండి. చెప్పండి."

ఆయన ఎడమ చెయ్యి ముందుకి చాచి, కుడిచేత్తో దాని మోచెయ్యి పట్టుకుని, "నొప్పి ముందు ఇక్కడ మొదలవుతుంది" అన్నాడు.